‘ఆయనకు అలవాటే కదా’ అన్న మాట గురించి

సంపాదకులకు,

నమస్కారం.

మెట్లు దిగుతూ, ఇంకా ఒకటి మిగిలి ఉండగానే అయిపోయాయనుకుని అడుగు వేయడంతో నా కుడి చీలమండ మెలిపడి ఎముక విరిగింది. ఆరు వారాలు పిండికట్టుతో, ఆ పాదాన్ని నేలకు ఆనించకుండా, రెండు చంకకర్రల మీద తిరిగాను. ఇలాంటి గాయం ఎవరికైనా తగులుతుంది, చాలామందికి మానిపోతుంది కూడా. అంతమాత్రానికి పత్రికకు ఉత్తరం రాయనక్కర్లేదని నాకు తెలుసు. నేను రాస్తున్నది ఆ ఆరు వారాల్లో తోటివారు నాకు చేసిన ఒక మేలు గురించి, అదే మేలు నా పక్క బల్ల దగ్గర కూర్చునే మనిషికి పదకొండేళ్లుగా దక్కకపోవడం గురించి.

ముందుగా కర్రల సంగతి కొంత చెప్పాలి. పేరును బట్టి బరువంతా చంకల మీదే వేయాలని నేను అనుకున్నాను. మూడో రోజుకల్లా వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. ఫిజియోథెరపిస్టు చూసి, కర్ర పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలనీ, బరువు మోయవలసింది అరచేతులేననీ, చంకలో నొక్కుకుంటే చేతికి వెళ్లే నరాలు దెబ్బతింటాయనీ చెప్పి, పిడులను నా మణికట్టు ఎత్తుకు సరిచేసి బిగించారు. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు కర్రలతో పాటు దెబ్బతిన్న కాలు ముందు అన్న సూత్రాన్ని పిల్లలకు ఎక్కం నేర్పినట్లు వల్లె వేయించారు. పది రోజుల్లో అరచేతులు కాయలు కాచాయి. అయినా నన్ను ఎక్కువగా కుంగదీసింది నొప్పి కాదు. రెండు చేతులూ కర్రలకే సరిపోవడం వల్ల గ్లాసెడు మంచినీళ్లు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తెచ్చుకోలేకపోయాను. దాహం వేస్తే నీళ్లున్న చోటికే వెళ్లి, నిలబడే తాగి రావాలి. తలుపు తీయాలంటే ఒక కర్రను గోడకు ఆనించాలి. అది జారి పడితే వంగి అందుకోవడానికి ఒంటికాలి మీద నిలవాలి. అంతకుముందు ఒక్కనాడూ కంటికి ఆనని గడపలు, తడి ఆరని నేల, మడత పడిన పట్టా, గాలికి మూసుకుపోయే తలుపు, ఇవన్నీ అడుగు అడుగునా లెక్క చూసుకోవలసినవి అయ్యాయి.

మనుషులు నాతో చెడుగా ప్రవర్తించారని చెప్పలేను. బాధ కలిగించినవారిలో ఎక్కువమంది మంచి ఉద్దేశంతోనే ఆ పని చేశారు. సాయం చేయబోయి, ఒక్క మాట అడగకుండా మోచెయ్యి పట్టుకునేవారు. కర్రల మీద నడిచే మనిషి నిలకడంతా చేతుల్లోనే ఉంటుంది కాబట్టి, ఆ చెయ్యి పట్టుకుంటే ఉన్న ఆధారం కూడా పోతుంది. రెండుసార్లు అలా పడబోయి తమాయించుకున్నాను. చూపులేని వ్యక్తి చేతికర్ర పట్టుకుని దారి చూపబోవడం, చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషిని చెప్పకుండా వెనకనుంచి నెట్టడం కూడా ఇలాంటివేనని ఇప్పుడు అర్థమవుతోంది. బ్యాంకు పనికి తమ్ముణ్ణి తోడు తీసుకుని వెళ్తే, కౌంటరులోని ఉద్యోగి నా ముఖం చూడకుండా మా తమ్ముణ్ణి ‘ఆవిడ సంతకం పెట్టగలరా?’ అని అడిగారు. నేను వారిద్దరికీ మధ్యలో నిలబడి ఉన్నాను. విరిగింది కాలు మాత్రమే, చెయ్యీ నోరూ బాగానే ఉన్నాయి. ఆయనకు నన్ను అవమానించాలని లేదు. కర్రలు కనబడగానే, మాట్లాడవలసిన మనిషి నేను కానని ఆయనకు తెలియకుండానే నిర్ణయం జరిగిపోయింది.

అన్నిటికన్నా నా మనసులో నిలిచిపోయినది ఇంకొకటి ఉంది. ఒక సభకు వెళ్లి కుర్చీలో కూర్చున్నాక, ఎవరి కాళ్లకైనా అడ్డం తగులుతాయని ఒక పెద్దాయన నా కర్రలు తీసి దూరంగా గోడ మూలకు చేర్చారు. నేను అభ్యంతరం చెప్పేలోగా ఆయన తన చోటికి వెళ్లిపోయారు. సభ రెండు గంటలు సాగింది. మధ్యలో మరుగుదొడ్డికి వెళ్లవలసి వచ్చి కూడా, వేదిక మీద ఒకరు మాట్లాడుతుండగా ఎవరినైనా పిలిచి కర్రలు అందించమనడానికి మొహమాటపడి, ఓర్చుకుని కూర్చున్నాను. సభ ముగిశాక అందరూ లేచి బయటికి నడిచారు. గది ఖాళీ అవుతుండగా, దీపాలు ఆర్పడానికి వచ్చిన అబ్బాయిని కేకేసి కర్రలు తెప్పించుకున్నాను. ఇతరుల దృష్టిలో అవి అడ్డదిడ్డంగా పడి ఉన్న రెండు కర్రలు. నాకు అవి నా కాళ్లు. ఎవరి కాళ్లనూ ఎవరూ తీసి మూల పెట్టరు.

ఇక అసలు విషయానికి వస్తాను. మా కార్యాలయం రెండంతస్తుల పాత భవనంలో ఉంది. లిఫ్టు లేదు. మా బల్లలు కింది అంతస్తులో ఉంటాయి. వారానికి రెండుసార్లు జరిగే సమావేశాలకు గది మాత్రం పైన ఉంది. ఇరవై రెండు మెట్లు. నా పక్క బల్ల దగ్గర కూర్చునే సహోద్యోగికి చిన్నతనంలోనే పోలియో సోకి ఎడమ కాలు సన్నబడిపోయింది. కాలికి కాలిపర్ అనే ఆసరా చట్రం కట్టుకుని, చేతికర్ర ఊతంతో నడుస్తారు. మా విభాగంలోకి వచ్చి పదకొండేళ్లయింది.

కట్టుతో నేను తిరిగి విధుల్లో చేరిన రోజు సమావేశం ఉంది. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. మా విభాగాధిపతే నా దగ్గరికి వచ్చి, ‘మీరు పైకి రావద్దండీ, మేమే దిగి వస్తాం’ అన్నారు. నలుగురు కలిసి కింద ఉన్న ఖాళీ జాగాలో కుర్చీలు వేశారు. నా కట్టు విప్పే వరకూ ప్రతి సమావేశం అక్కడే జరిగింది. ఎవరికీ ఏ పనీ ఆగిపోలేదు, ఒక్కరూ విసుక్కోలేదు. వారి మంచితనానికి నేను ఎంతో సంతోషించాను, ఇంటికి వెళ్లి అందరికీ చెప్పుకున్నాను కూడా. కట్టు విప్పిన మరుసటి వారం సమావేశం ‘యథాప్రకారం పై అంతస్తులో’ అని నోటీసు వచ్చింది.

ఆ రోజు నేను రెయిలింగు పట్టుకుని, మెట్టు మెట్టుకూ రెండు పాదాలూ ఆనించుకుంటూ ఎక్కుతున్నాను. మిగిలినవారంతా ముందే వెళ్లిపోయారు. నా పక్కన నాతో సమానంగా ఎక్కుతున్నది ఆయన ఒక్కరే. పదకొండేళ్లలో మేమిద్దరం ఒకే వేగంతో ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. మలుపు దగ్గర ఆయన ఆగారు. ఆయన రోజూ అక్కడ ఆగుతారని నాకు తెలియదు, ఎందుకంటే ఎప్పుడూ ఆయనకన్నా ముందే పైకి చేరి కూర్చుని ఉండేదాన్ని. ఊపిరి తీసుకుని, ‘ఈ ఆరు వారాలూ నాకు హాయిగా గడిచిందండీ’ అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. వాన వెలిసిందని చెప్పినంత మామూలుగా చెప్పి, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రమే విభాగాధిపతిని కలిసి, సమావేశాలు కిందనే కొనసాగిద్దామని అడిగాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. ‘మీ కట్టు విప్పేశారు కదా?’ అన్నారు. నా కోసం కాదని చెబితే, ‘ఆయనకు అలవాటే కదా. అయినా ఎప్పుడూ అడగలేదు’ అన్నారు. ఆ రెండు మాటలూ ఆయన ఒక్కరివే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. అవి నావి కూడా. ఇన్నేళ్లూ నా మనసులో ఉన్నది కూడా అదే కాబట్టే నాకు ఏనాడూ ఏదీ వింతగా కనబడలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది, కాని ఒప్పుకోకుండా ఇతరుల తప్పు ఎత్తి చూపడం న్యాయం కాదు.

అలవాటు అన్న మాటను కొంచెం ఆగి చూడాలి. కష్టం పాతబడితే తేలికవుతుందని మనం నమ్ముతాం. పోలియో విషయంలో జరిగేది చాలాసార్లు దీనికి విరుద్ధం. వ్యాధి సోకిన కొన్ని దశాబ్దాల తర్వాత కొందరిలో కండరాలు మళ్లీ బలహీనపడతాయి. తీవ్రమైన అలసట, కండరాల నొప్పి, కీళ్ల నొప్పులు మొదలవుతాయి. వైద్యులు దీన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. వ్యాధికి నశించిపోయిన నరకణాల పనిని కూడా మిగిలిన కణాలు మీద వేసుకుని, ఏళ్ల తరబడి శక్తికి మించి పనిచేసి అలసిపోవడం దీనికి కారణమని ఎక్కువగా భావిస్తున్నారు. అంటే, మనం అలవాటని పిలుస్తున్నది ఆ శరీరానికి అరుగుదల. నా ఇరవై రెండు మెట్లు ఆరు వారాలకు తప్పాయి. ఆయన ఇరవై రెండు మెట్లు ఏటేటా కొంచెం కొంచెం ఎత్తవుతూ వచ్చాయి. ఎవరి కోసం సమావేశం కిందికి దిగి రావాలో వైద్యాన్ని బట్టి చూసినా, న్యాయాన్ని బట్టి చూసినా జవాబు ఒకటే.

అడగలేదన్న మాట ఇంకా బరువైనది. నేను మాత్రం అడిగానా? నా కట్టే నా బదులు అడిగింది. తెల్లగా, పెద్దగా, కొత్తగా ఉన్న ఆ కట్టు ‘ఈమె మనలాంటిదే, కొద్ది రోజుల్లో మళ్లీ మనలా నడుస్తుంది’ అని అందరికీ భరోసా ఇచ్చింది. చూడవచ్చిన ప్రతి ఒక్కరూ మొదట అడిగిన ప్రశ్న ‘ఎప్పటికి తగ్గుతుంది?’ అనే. దానికి నా దగ్గర ఒక తేదీ ఉంది. తేదీ చెప్పగానే వారి ముఖాలు తేటపడేవి. తేదీ చెప్పలేని మనిషిని అదే ప్రశ్న ఎలా తాకుతుందో ఇంతకు ముందు నేను ఆలోచించలేదు. తరువాత ఒక రోజు ఆయనే చెప్పారు: ఉద్యోగంలో చేరిన కొత్తలో, మరుగుదొడ్డికి దగ్గరగా ఉండే బల్ల కావాలని ఒకసారి అడిగారట. ఇచ్చారు. కాని ఆ తర్వాత చాలా రోజులు ‘ఆయన సంగతి వేరులెండి, ఆయనకు ప్రత్యేకం’ అన్న మాట చెవిన పడుతూనే ఉండేదట. ఇంకేమీ అడగకూడదని అప్పుడే అనుకున్నారట. నాకు అడగకుండా వచ్చినది మన్నన అయింది, ఆయన అడిగి తెచ్చుకున్నది ప్రత్యేక మర్యాద అయింది.

2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. దాని మొదటి అధికరణమే వికలాంగులంటే ఎవరో చెబుతుంది. దీర్ఘకాలంగా శారీరకమైన, మానసికమైన, మేధోపరమైన లేదా ఇంద్రియ సంబంధమైన లోపం ఉండి, అది రకరకాల అడ్డంకులతో ఎదురుపడినప్పుడు, ఇతరులతో సమానంగా సమాజంలో పాల్గొనడానికి ఆటంకం కలిగే అవకాశం ఉన్నవారు అని దాని సారాంశం. ఇందులో రెండు మాటలు నన్ను చాలాసేపు ఆలోచింపజేశాయి. ఒకటి, ‘దీర్ఘకాలంగా’. ఆ మాట ప్రకారం ఈ ఒడంబడిక చూసేది ఆయన వైపు, ఆరు వారాల గాయం ఉన్న నా వైపు కాదు. రెండవది, ‘అడ్డంకులు’. ఆటంకం కాలిలో మాత్రమే లేదు, కాలూ మెట్లూ కలిసిన చోట ఉంది. కాలిని ఎవరూ మార్చలేరు. గదిని మార్చడానికి మా వాళ్లకు పది నిమిషాలు పట్టింది, అదీ నా కోసమైనప్పుడు. భవనాలు, రవాణా, సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలని అదే ఒడంబడికలోని 9వ అధికరణం చెబుతుంది. చక్రాల కుర్చీకి వేసే వాలుదారి ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ఇంజనీర్లకు తెలిసిన పాత సూత్రమే. అయినా నిటారుగా, పేరుకు కట్టి వదిలిన వాలుదారులు ఎన్నో కనిపిస్తాయి. కర్రలతో అలాంటిది ఒకటి దిగబోయి, సగంలో భయపడి, ఆ పక్కనే ఉన్న మెట్ల మీదుగా దిగాను.

ప్రపంచంలో 130 కోట్ల మంది, అంటే జనాభాలో 16 శాతం, చెప్పుకోదగ్గ వైకల్యంతో జీవిస్తున్నారని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ప్రతి ఆరుగురిలో ఒకరు. నాకు తెలిసినవారిని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే ఆ లెక్కకు దరిదాపుల్లోకి కూడా రాలేదు. నా లెక్కకు చిక్కనివారు కంటికి కనబడని ఇబ్బందితో ఉన్నవారని, కట్టు విప్పాక గాని నాకు తట్టలేదు. కట్టు పోయింది గాని కాలు ఇంకా నాది కాలేదు. పిక్క కండ కరిగి సగమైంది, చీలమండ బిగుసుకుపోయింది, సాయంత్రానికి పాదం వాచి చెప్పులో పట్టేది కాదు. నిజానికి కట్టు ఉన్నప్పటికన్నా, అది విప్పిన తర్వాతి రెండు నెలలే నడక ఎక్కువ బాధించింది. కాని కనబడే గుర్తు పోగానే సీటు ఇచ్చే చేతులు, తలుపు పట్టుకునే చేతులు కూడా పోయాయి. ఒకసారి బస్సులో చక్రాల కుర్చీ బొమ్మ ఉన్న సీటులో కూర్చుంటే, ఒక పెద్దావిడ ‘నిక్షేపంలా ఉన్నావు, అక్కడెందుకు కూర్చున్నావమ్మా?’ అని అందరిలో అడిగారు. లేచి నిలబడ్డాను. వివరించడానికి మనసు రాలేదు.

ఆ బొమ్మను 1968లో సుసానే కోఫోడ్ అనే డెన్మార్క్ విద్యార్థిని గీసింది. మరుసటి ఏడాది స్వల్ప మార్పుతో అది అంతర్జాతీయ చిహ్నమైంది. దూరం నుంచి చూసినా గుర్తుపట్టేలా ఉండడం దాని గొప్పతనం. కాని వైకల్యం ఉన్నవారిలో ఎక్కువమంది చక్రాల కుర్చీ వాడరు. గుండె జబ్బు, కీళ్లవాతం, మూర్ఛ, సగం పోయిన వినికిడి, చూపు తగ్గిన కన్ను, ఇవేవీ ఆ బొమ్మలో లేవు. ఋజువు కనబడితేనే చోటిస్తామన్న మన పద్ధతి వల్ల, వారు రోజూ బయటివాళ్ల ముందు తమ జబ్బును విప్పి చూపించుకోవలసి వస్తోంది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ఆరు వారాల్లో వికలాంగుల జీవితం నాకు తెలిసిపోయిందని నేను అనడం లేదు. నాకు తెలిసింది కర్రలు పట్టుకోవడం రాని ఒక కొత్త మనిషి తడబాటు. అది చూసి ‘పాపం, వీళ్లు ఎలా బతుకుతారో’ అనుకుంటే అది ఇంకో తప్పు అవుతుంది. మా సహోద్యోగి తన పనిలో మాలో చాలామంది కన్నా దిట్ట; ఆయనకు జాలి అవసరం లేదు. ఆయనకు కావలసింది కింది అంతస్తులో ఒక సమావేశం.

సంపాదకులకు నాదొక విన్నపం కూడా ఉంది. ఇంట్లో కదలకుండా ఉన్న రోజుల్లో పత్రికలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. ఆలస్యమైన ప్రతి పథకమూ ‘కుంటినడక’ నడుస్తుంది. నమ్మశక్యం కాని ప్రతి జవాబూ ‘కుంటి సాకు’. పట్టించుకోని అధికారి ముందు చేసిన విన్నపం ‘చెవిటివాడి ముందు ఊదిన శంఖం’. ఆలోచన లేని నమ్మకం ‘గుడ్డి నమ్మకం’. ఇవి నేనూ ఎన్నో ఏళ్లుగా వాడిన మాటలే. కాలు నేల మీద పెట్టలేని స్థితిలో చదివినప్పుడు గాని, ఆ శీర్షికలో అసమర్థతకు ఉపమానంగా నిలబెట్టినది ఒక మనిషి నడకను అని నాకు తోచలేదు. ‘నత్తనడక’ అన్నా, ‘పొంతన లేని సాకు’ అన్నా అర్థం ఏమీ తగ్గదు. మీ శీర్షికలు రాసేవారు ఈ సంగతి ఆలోచిస్తారని ఆశిస్తున్నాను.

మా సమావేశాల విషయంలో నేను మళ్లీ రాతపూర్వకంగా విజ్ఞప్తి చేశాను. అంతకుముందు ఆయనను అడిగి, ఆయన ఒప్పుకున్నాకే రాశాను. గత నెల నుంచి సమావేశాలు కింది అంతస్తులోనే జరుగుతున్నాయి. కుర్చీల వరుసల మధ్య ఎంత జాగా ఉండాలో ఆయనే దగ్గరుండి చెప్పారు. అయితే ఆ మార్పు గురించి వచ్చిన నోటీసులో కారణంగా ‘ఇటీవల ఒక ఉద్యోగినికి తగిలిన గాయం దృష్ట్యా’ అని ఉంది. నా కాలు ఇప్పుడు బాగానే ఉంది. ఆ వాక్యాన్ని తీసివేసి, సమావేశాలు ఇకపై ఎప్పటికీ కిందనే జరుగుతాయని మాత్రం రాయమని కోరుతూ ఇంకొక ఉత్తరం ఇచ్చాను. జవాబు కోసం చూస్తున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు